అప్‌డేట్: గోల్డ్‌ఫిష్ పోయిన ట్యాంకులో ఇప్పుడు గప్పీలు

గోల్డ్‌ఫిష్‌లు వరసగా చనిపోతున్నాయి, 40 లీటర్ల ట్యాంకును మళ్లీ ఎలా మొదలుపెట్టాలి అని అడిగింది నేనే. తప్పు నాదేనండీ. ఫిల్టర్ స్పాంజిని వారం వారం కుళాయి కింద తళతళలాడేలా కడిగేవాడిని. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే విషం అమ్మోనియా. దాన్ని తినే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే పెరుగుతుంది, అదేమో కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు చచ్చేదన్నమాట. పైగా గోల్డ్‌ఫిష్‌లకు ఆ ట్యాంకు ఏ మూలకీ చాలదు.

ఈసారి చేపల్లేకుండానే ఫిల్టర్ నడిపి, రోజూ చిటికెడు మేత వేసి కుళ్లనిచ్చాను, దాన్నుంచి వచ్చే అమ్మోనియాతో ఆ బ్యాక్టీరియా మళ్లీ పెరగాలని. ఐదు వారాలు! ఖాళీ నీళ్లకు మేతేంటని మా ఆవిడ ఒకటే నవ్వు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే మరో విషం నైట్రైట్, రెండూ సున్నాకు వచ్చాకే ఆరు మగ గప్పీలు తెచ్చాను. నియాన్ టెట్రా చేపల మీదే మనసు గానీ, బకెట్‌కు తెల్లచారలు కట్టే మా నీళ్లు వాటికి పడవు.

స్పాంజిని ఇప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండుతున్నాను. నారింజ తోకవాడొకడు మాత్రం ఇంకా ఫిల్టర్ పైపు వెనకే నక్కి ఉంటున్నాడు.