'బై ముట్టర్న్' చివరి నకారం ఎక్కడిది?

ప్రశ్న: జర్మనీలోని వైమార్‌లో ఒక కుటుంబం నడిపే చిన్న భోజనశాలలో, పలకమీద సుద్దతో రాసిన నాలుగు మాటల్లో చివరి మూడే గుర్తున్నాయి: 'వీ బై ముట్టర్న్'. అమ్మ దగ్గర తిన్నట్టుంటుందని భావం. వడ్డించినావిడ అమ్మమ్మ పద్ధతి ఇదేనంటూ 'క్లోస్' అనే ఉండను విడదీసి చూపారు. పచ్చి బంగాళదుంప తురిమి, నీరు పిండేసి, ఉడికిన దుంపతో కలిపి చేసిన ఆ ఉండ నడుమ వెన్నలో వేయించిన రొట్టెముక్కలున్నాయి. తల్లి 'ముట్టర్' కదా, నకారం ఎందుకొచ్చింది? 'అమ్మచేతి వంట' అనవచ్చునా?

జవాబు: అది బహువచనం కాదు, తల్లులైతే 'మ్యుట్టర్' అవుతుంది. 'దగ్గర' అనే అర్థమిచ్చే 'బై' తరవాత వచ్చే చతుర్థి ప్రత్యయమది. నేటి జర్మన్‌లో స్త్రీలింగ ఏకవచనానికి అది లేదు గాని, పూర్వం వ్యక్తుల పేర్లకు ఉండేది. 1774 నాటి 'వేర్టర్' నవలలో జర్మన్ రచయిత గోథే కథానాయిక లొట్టెను 'లొట్టెన్' అనడం అలాంటిదే. ఇంట్లో అమ్మ అన్నది పేరే కనుక ఆ నకారం అక్కడ నిలిచిపోయింది.

జవాబు: ఆ నవల తలచారు కనుక చెబుతున్నాను. నల్లరొట్టె పట్టుకొని, చుట్టూ మూగిన ఆరుగురు పిల్లలకు వయసునూ ఆకలినీ బట్టి ముక్కలు కోసి ఇస్తున్న లొట్టె వారికి తల్లి కాదు, తల్లిలేని ఆ పిల్లల అక్క. అన్నం పెట్టే చేయి ఎవరిదైనా కావచ్చు. 'బై'లో ఉన్నది చేయి కాదు, చోటు. అందుచేత 'పుట్టింటి భోజనం' అనాలి.

జవాబు: పుట్టిల్లు పెళ్ళయిన ఆడపిల్ల మాట, అక్కయ్యగారూ. కొడుకు తల్లి దగ్గరికి వెళ్ళి పుట్టింట్లో తిన్నానని అనడు.

జవాబు: నన్ను నకారమే పట్టుకుంది. పోతనగారి 'అమ్మలఁ గన్నయమ్మ' చూడండి. అమ్మలన్, కన్న అన్న రెంటి నడుమ ద్రుతమే అరసున్నగా మిగిలింది. అక్కడా అమ్మ చివరనే, ఇక్కడా అమ్మ చివరనే విభక్తి నకారం! ఆ పద్యం చిన్నప్పటినుంచి రోజూ చదువుకుంటున్నాను, ఈ పోలిక నాకు వదలబుద్ధి కావడం లేదు.

జవాబు: మాస్టారూ, మనది ద్వితీయ, వారిది చతుర్థి. పైగా 'నకారంబు ద్రుతంబు' అన్న చిన్నయసూరిగారి సూత్రంలో ద్రుతమంటేనే కరిగేది. నేటి అచ్చులో అరసున్న పోయినా 'అమ్మల గన్నయమ్మ'కు లోటు రాలేదు. 'ముట్టర్న్'లో నకారం తీసి 'బై డేర్ ముట్టర్' అంటే మాత్రం అది వట్టి చిరునామా అవుతుంది, వంటింటి వాసన పోతుంది.

ప్రశ్న అడిగినవారు: పలకకింద 'గూట్‌బ్యుర్గర్‌లిష' అని కూడా ఉంది. దానికి 'సంసారపక్షపు వంట' సరిపోతుందనుకున్నాను.

జవాబు: చక్కని మాట. మీరు మరచిన మొదటి మాట 'ష్మెక్ట్' అయివుంటుంది, అంటే 'రుచిస్తుంది'. అప్పుడు 'అమ్మ దగ్గరి రుచి' అనాలి.

జవాబు: 'దగ్గరి' కాదు, 'అమ్మనాటి రుచి'. నకారమూ దక్కుతుంది.