గీజర్‌ల టపటప సప్పుడు, నల్లా ముట్టుకుంటే జుమ్మంటుంది: కొత్తది కొనాల్నా?

దేవరకొండ నుంచి ప్రశ్న:
అన్నలకు, అక్కలకు నమస్తే. మా ఇంట్ల 15 లీటర్ల గీజర్ ఉంది, 2 కిలోవాట్లది. వాడేది బోరు నీళ్లే. ఇంతకుముందు 20 నిమిషాలల్ల మస్తు కాగేటియి, ఇప్పుడు అరగంట దాటినా గోరువెచ్చగనే వస్తున్నయి. లోపల పేలాలు ఏగినట్టు టపటప సప్పుడు. కింద వాల్వు కాడ చుక్కలు కారుతున్నయి. ఇగ ఈ మధ్యల షవర్ నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటుంది. మెకానిక్‌ను పిలిస్తే కాయిల్ పోయింది, ట్యాంకు గూడ పోతది, కొత్తది కొనుండ్రి అన్నడు. కొని మూడేండ్లు గూడ కాలే. ఏం చేయాలె?

మిర్యాలగూడ నుంచి (కరెంటు పని చేస్త):
తమ్మీ, నువ్వు ఆఖరికి రాసిందే అసలు ముచ్చట. ముందుగాల గీజర్ ఎంసీబీ (కరెంటు బోర్డుల గీజర్ లైను స్విచ్) కిందికి గుంజు, ప్లగ్గు పీకు. చెక్ చేయించేదాంక ఎవ్వరూ ఆన్ చేయొద్దు. స్విచ్ ఒక్కటే బంద్ చేస్తే సరిపోదు, కరెంటు వచ్చే ఫేజు వైరుకు గాక తిరిగి పోయే న్యూట్రల్‌ వైరుకు స్విచ్ పెట్టిన ఇండ్లు బొచ్చెడు చూసిన.

జుమ్మంటుందంటే రెండు తప్పులు కలిసినయన్నట్టు. ఒకటి, కాయిల్ పైతొడుగు పగిలి కరెంటు నీళ్లలకు లీకైతుంది. రెండోది, మీ ఇంట్ల ఎర్త్ పని చేస్తలేదు. ఎర్త్ మంచిగుండి, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తానే బంద్ చేసే స్విచ్) పెట్టి ఉంటే, మీ చెయ్యికి తెల్వకముందే అది ట్రిప్ అయ్యేది. కాయిల్ మార్చి ఎర్త్ చూడకుంటే సగం పని చేసినట్టే. ఎండాకాలంల మన ఎర్ర నేల ఎండితే ఎర్త్ గుంత గూడ ఎండుతది, అందుకే బొగ్గు, ఉప్పు వేసిన గుంతల అప్పుడప్పుడు నీళ్లు పోయమనేది. టెస్టర్ స్క్రూడ్రైవర్‌తోటి ఎర్త్ తేలదు. వచ్చినాయనను మల్టీమీటర్‌తోటి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్యల, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్యల ఓల్టేజ్ చూడమను. మొదటిది 230 దగ్గర్లుండాలె, రెండోది రెండు మూడు ఓల్టుల లోపలుండాలె. కాయిల్‌ను మెగ్గర్‌తోటి (కరెంటు లీకును చూసే మీటర్) చూస్తే ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే దాన్ని పారేయుడే.

ఇగ టపటప అంటవా, అది సున్నం. కాయిల్ మీద గట్టి పొర కట్టింది. వేడి నీళ్లలకు పోక కాయిల్‌లనే ఆగుతది, పొర కింద చిక్కిన నీళ్లు ఆవిరై పగులుతుంటే ఆ సప్పుడు. కాయిల్ గట్లనే మాడి మాడి పగులుతది. మన దిక్కు కాయిల్స్ పోయేది ఎక్కువగ కంపెనీ తప్పుతోని గాదు, బోరు నీళ్లతోని.

నల్లగొండ నుంచి (టీచర్‌ని):
మన బోర్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు వేడికి కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారి గట్టిపడతాయి. నీళ్లు 60 డిగ్రీలు దాటితే ఇంకా జోరుగా పేరుకుంటాయి. మా క్లాసులో అందరూ ఫ్లోరైడ్ వల్లనే ఈ తెల్ల పొర అనుకుంటారు. ఈ పొరకు ఫ్లోరైడ్‌తో పని లేదు. ఇంకో మాట, వేడి చేస్తే ఫ్లోరైడ్ పోదు. మరిగించిన కొద్దీ ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ మిగిలి ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి మన ఊరి పేరే ‘నల్గొండ టెక్నిక్’ అని పెట్టారు, నాగపూర్‌లోని ‘నీరి’ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసింది. కాబట్టి గీజర్ నీళ్లు చాయ్‌కి పెట్టొద్దు. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నీళ్లే పట్టుకోండి.

జడ్చర్ల నుంచి:
గింత పొడుగు ఎందుకు సర్? బాత్రూం యాసిడ్ కొంచెం లోపల పోస్తే సున్నమంత నురుగై పోతది. మా ఇంట్ల గట్లనే చేసినం.

మిర్యాలగూడ నుంచి:
అన్నా, ఆ యాసిడ్ సున్నాన్ని తింటది, రాగిని తింటది, ట్యాంకు వెల్డింగ్‌ను గూడ తింటది. చేస్తే నిమ్మ ఉప్పుతోని (సిట్రిక్ యాసిడ్) చేయాలె. చెప్త చూడు.

కరెంటు బంద్ చేసినంక, నీళ్లు చల్లారినంక, లోపలికి వచ్చే నీళ్ల వాల్వు మూసి, వేడి నల్లా తెరిచి ట్యాంకు ఖాళీ చెయ్. కింది మూత తీసినంక వైర్లు ఎక్కడెక్కడున్నయో ఫోన్‌ల ఫొటో తీసుకో. బోల్టులు విప్పితే కాయిల్ ప్లేటుతోపాటు కిందికొస్తది. సుత్తితోటి కొట్టొద్దు, గోకొద్దు. గోరువెచ్చటి నీళ్లల్ల లీటరుకు 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, కాయిల్‌ను కొన్ని గంటలు నానవెట్టు. వైర్లు తగిలించే కొసలు మాత్రం మునగొద్దు. నురుగు ఆగినంక ప్లాస్టిక్ బ్రష్‌తోని కడుగు. ట్యాంకు అడుగున పడ్డ పెచ్చులు చేత్తోటి తీసెయ్.

అక్కడనే ఇంకో కడ్డీ ఉంటది, మెగ్నీషియం రాడ్ అంటం. ట్యాంకు లోపలి గాజు పూతల సన్న సన్న చిల్లులుంటే తుప్పు ట్యాంకుకు పట్టకుండ ఈ రాడే కరిగిపోతది. అది అరిగిపోతేనే ట్యాంకు కారుడు మొదలైతది. నానవెట్టేటప్పుడు దాన్ని పక్కకు పెట్టు, నిమ్మ ఉప్పు దాన్ని గూడ కరిగిస్తది. మన బోరు నీళ్లకు ఏడాదికోసారి తీసి చూడుడు మంచిది. పెన్సిలంత సన్నగైతే మార్చు.

మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు వాషర్ కొత్తదేయ్. వేడి నల్లాల గాలి పోయి నీళ్లు ధారగ వచ్చేదాంక స్విచ్ ముట్టుకోకు. ఖాళీ ట్యాంకుల కాయిల్ ఎలిగితే నిమిషాలల్ల పోతది.

కల్వకుర్తి నుంచి:
మాదీ అరగంట పడుతుంది గాని సప్పుడేం లేదు సర్. సాయంత్రం మోటర్లు నడిచేటప్పుడే ఇట్ల.

మిర్యాలగూడ నుంచి:
మీది ఓల్టేజ్ ముచ్చట. పవరు ఓల్టేజ్ వర్గంతోని (స్క్వేర్) తగ్గుతది. 230 కి 2 కిలోవాట్లు ఇచ్చే కాయిల్ 180 కి 1.2 కిలోవాట్లే ఇస్తది. 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 కి తేవాలంటే 0.6 యూనిట్ పడతది, అంటే పూర ఓల్టేజ్‌కు 18 నిమిషాలు, 180 కి అరగంట. కాయిల్‌కు ఏం నష్టం లేదు, తెల్లారగట్ల వేసుకోండి.

దేవరకొండ నుంచి:
అన్నా, ఆ వాల్వు చుక్కల సంగతి? మెకానిక్ ఎంసీల్ పెట్టి మూస్త అన్నడు.

మిర్యాలగూడ నుంచి:
అయ్యో, ఆ పని మాత్రం చేయనీయకు! నీళ్లు కాగితే ఉబ్బుతయి. 15 లీటర్లు 60 డిగ్రీలకు వచ్చేసరికి దగ్గర దగ్గర 200 మిల్లీలీటర్లు ఎక్కువైతయి, లోపలికి వచ్చే కాడ నీళ్లు వెనక్కు పోనియ్యని వాల్వు ఉంటే అవి నువ్వు చెప్పిన ప్రెషర్ వాల్వు కాడ చుక్కలుగ బయటికొస్తయి. ఆ చుక్కల వాల్వు మూస్తే ప్రెషర్ పోయే తొవ్వ ఉండదు, థర్మోస్టాట్ (వేడి చాలైతే కాయిల్‌ను ఆపేది) గూడ అంటుకపోయిన రోజు ట్యాంకు పేలుతది. కాగేటప్పుడు మాత్రమే కారితే వదిలెయ్. చల్లగున్నప్పుడు గూడ కారుతుంటే వాల్వు మార్చు.

దేవరకొండ నుంచి:
అప్‌డేట్: వేరే ఎలక్ట్రీషియన్‌ను తోలుకొచ్చిన. సాకెట్‌ల ఎర్త్ వైరు అసలు తగిలియ్యనే లేదంట! కాయిల్ ఒక దిక్కు పగిలింది. మెగ్నీషియం రాడ్ల లోపలి సన్న ఇనుప కడ్డీ ఒక్కటే మిగిలింది. ట్యాంకు మాత్రం గట్టిగనే ఉంది. కాయిల్, రాడ్, వాషర్ మార్పించినం, ఆర్‌సీసీబీ గూడ పెట్టించినం. ఈ గడిబిడిల నాల్గు దినాల సంది అమ్మ బకెట్ల హీటర్ రాడ్ పెట్టి నీళ్లు కాగవెడుతుంది, అది ఫరవాలేదా?

మిర్యాలగూడ నుంచి:
ప్లాస్టిక్ బకెట్ అయినా సరే, వేడెక్కిందా అని రాడ్ ఉండంగ వేలు ముంచొద్దని అమ్మకు చెప్పు. ప్లగ్గు పీకినంకనే చెయ్యి పెట్టాలె. రాడ్ మీది గీత దాంక నీళ్లుండాలె. 16 ఆంపుల సాకెట్‌కే పెట్టుండ్రి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడు, రాడ్లకు ఐఎస్ 368, గీజర్లకు ఐఎస్ 2082.

గీజర్ థర్మోస్టాట్‌ను 55 కాడ పెట్టు, తానం అయిపోంగనే బంద్ చెయ్. కొన్న బిల్లు పారేయకు. చానా కంపెనీలల్ల ట్యాంకు వారంటీ కాయిల్ కంటే ఎక్కువేండ్లుంటది, కార్డు మీద చూసుకో.