రాత్రి పన్నెండుకి, కింద మామ్మగారు లేవకుండా: చిన్న ట్యూబ్ ఆంప్ ఏది తీసుకోవాలి?

బి షిఫ్ట్ గిటార్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో, రెండో అంతస్తు. ఉద్యోగం పరవాడ వైపు ఫార్మా కంపెనీలో, బి షిఫ్ట్. బస్సు దిగి, అన్నం తిని, గిటార్ పట్టుకునేసరికి రాత్రి పన్నెండు. మా కింద వాటాలో ఓనరుగారి అమ్మగారు ఉంటారు. అందరం మామ్మగారనే పిలుస్తాం. ఎనభై దాటాయి గానీ చెవులు మాత్రం పాముచెవులు. రాత్రి మా ఇంట్లో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో పొద్దున మెట్ల దగ్గర లెక్క చెప్తారు.

మూడేళ్ల కిందట ఒక 15 వాట్ల ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబులతో గిటార్ మోతని పెంచే పెట్టె) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మినాయన "పదిహేను వాట్లే కదండీ, ఇంట్లోకి సరిపోద్ది" అన్నాడు. మా హాల్లో బల్బే 9 వాట్లు, పదిహేనంటే ఎంతలే అనుకున్నా. వాల్యూమ్ 1 దగ్గర పెడితే దోమ పాడినట్టుంది. ఒకటిన్నర దాటితే బీరువా తలుపు గడగడా కొట్టుకుంటోంది. ఆ రెంటి మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో ఎనిమిది నెలలు కాపురం చేసి, నాలుగు వేలు నష్టానికి వదిలించుకున్నాను.

ఇప్పుడు మళ్లీ పురుగు తొలిచింది. ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. క్రిస్మస్‌కి మా క్వయర్ పాడే ఆరు పాటలకి గిటార్ ట్రాకులు ఇంట్లోనే రికార్డ్ చేయాలి. మెటల్ గోల కాదు. మెల్లగా మీటితే శుభ్రంగా పలకాలి, గట్టిగా మీటితే అంచు కాస్త గరుకెక్కాలి, అంతే. దగ్గరున్నవి టెలికాస్టర్ తరహా గిటార్, ఒక ఎస్ఎం57 మైకు, గిటార్‌నీ మైకునీ కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్. బడ్జెట్ 45 వేలు. ఇంట్లో చెప్పింది 30.

చూసినవి: మార్షల్ డీఎస్ఎల్1, బ్లాక్‌స్టార్ హెచ్‌టీ-1, వాక్స్ ఏసీ4. ఇవి కాక డాలస్‌లో ఉండే మా బావమరిది అక్కడ దొరికిన పాత 5 వాట్ల ఆంప్ ఒకటి, 6వీ6 ట్యూబ్‌ది, సూట్‌కేసులో తెస్తానంటున్నాడు. 1 వాట్ అయితే రాత్రి వాయించుకోవచ్చా? లేక 5 వాట్లు కావాలా?

ఇంకో బాధ ఉంది. ఏ ఆంప్ పెట్టినా మా ఇంట్లో గుయ్యిమంటుంది. తీగల మీద చెయ్యేస్తే తగ్గుతుంది, తీస్తే మళ్లీ మొదలు.

పాత వాల్వు

బాబూ, నేను స్టీల్‌ప్లాంటులో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైనవాణ్ణి. కుర్రతనంలో వాల్వు రేడియోలు బాగుచేసేవాణ్ణి. వాల్వంటే మీరనే ట్యూబే. నువ్వు చెప్పిన వాక్స్‌లో ఈఎల్84 వాల్వు ఉంది చూశావూ, మా రోజుల్లో రేడియోల్లో స్పీకర్‌ని వాయించింది అదే. బెంగళూరులో మన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు కూడా వాల్వులు తయారుచేసేవారు. నాలుగు వాట్లకి పెళ్లిపందిరి మొత్తం పాటలు వినేది. మామ్మగారి సంగతి దాన్నిబట్టే ఆలోచించుకో.

వాట్లని బల్బులతో పోల్చడం దగ్గరే నీకు దెబ్బ తగిలింది. పవర్ పదోవంతుకి తగ్గిస్తే 10 డెసిబెల్స్ తగ్గుతుంది, చెవికి సుమారు సగం అయినట్టుంటుంది. అంటే నీ 15 వాట్లు ఒకటిన్నర వాట్ అయితే సగం మోత, అంతే. 15 నుంచి 5కి దిగితే అయిదు డెసిబెల్స్ కూడా తగ్గదు. గిటార్ స్పీకర్లు చాలావాటికి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 97 డెసిబెల్స్ వరకు వస్తుంది. మనిద్దరం మామూలుగా మాట్లాడుకునేది 60. చిన్న 8 అంగుళాల స్పీకరైతే కొంత తగ్గుతుందిగానీ, 1 వాట్ ఆంప్‌ని తిప్పి గరుకెక్కించావంటే అర్ధరాత్రి ఎంవీపీలో అది గోలే. డీఎస్ఎల్1లో 0.1 వాట్ స్విచ్ ఉంది. దానితో లెక్కప్రకారం ఇంకో పది తగ్గి 87. రాత్రి పన్నెండుకి అదీ ఎక్కువే. కనుక ఏ ట్యూబ్ ఆంపూ నీ రాత్రి కష్టం తీర్చదు. ముందు ఈ సంగతి ఒప్పుకో, తర్వాత కొను.

గుయ్యిమనేదానికి ఆంప్‌ని అనుమానించకు. మూడు పిన్నుల ప్లగ్ పెట్టినంత మాత్రాన మూడోదానిలో ఎర్త్ ఉందని కాదు. పాత ఇళ్లల్లో ఆ చిల్లు వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి టెస్ట్ ల్యాంప్‌తో చూపించు: ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ పెట్టినప్పుడు ఎంత వెలుగో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ పెట్టినప్పుడూ అంతే రావాలి. ఎవరో ఎర్త్ పిన్ను తీసేస్తే ఈ గుయ్యి పోతుందని చెప్తారు. ఆ మాట వినకు. ఆంప్ లోపల మూడొందల వోల్టుల పైమాటే ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కండెన్సర్లలో నిలవుంటుంది. నీ చేతిలో తీగలు ఇనపవి.

ప్లగిన్ కుర్రాడు

అన్నా, ఏమనుకోకు, అసలు ఆంపెందుకు? కంప్యూటర్లోనే ఆంప్ సౌండ్ ఇచ్చే ప్లగిన్ ఉంది, న్యూరల్ ఆంప్ మోడలర్, ఫ్రీగా వస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, మామ్మగారికి తీగల టిక్‌టిక్ తప్ప ఏమీ వినపడదు. 45 వేలతో గిటార్ ఇంకోటి కొను.

బి షిఫ్ట్ గిటార్

తమ్ముడూ, వాడి చూశాను. సౌండ్‌కి పేరు పెట్టను. కానీ షిఫ్ట్‌లో ఎనిమిది గంటలూ నేను చూసేది స్క్రీనే. ఇంటికొచ్చి మళ్లీ మౌస్ పట్టుకుని లిస్టులో నలభై ఆంపులు తిప్పుతూ కూర్చుంటే, వాయించేది పది నిమిషాలు, వెతికేది గంట. నాకు మూడు బటన్లున్న పెట్టె కావాలి. అది వేడెక్కాలి. వెనక నుంచి ఆ ఎర్ర వెలుగు కనపడాలి. ఇది తర్కం కాదని నాకూ తెలుసు.

గురువుగారూ, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. బుధవారం వస్తానన్నాడు. ఏ బుధవారమో చెప్పలేదు.

లాసన్స్‌బే తీగలు

అన్నగారూ, నేను పదేళ్లుగా ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నాను. పాత వాల్వుగారి డెసిబెల్ లెక్కకి దణ్ణం పెట్టి, మిగతాది నేను చెప్తాను.

మీకు కావాల్సింది శుభ్రమైన సౌండ్, దాని మీద కాస్త గరుకు. 1 వాట్ ఆంప్‌లో ఇబ్బంది అక్కడే. అందులో సౌండ్ చాలా తొందరగా విరిగి గరుకెక్కుతుంది. కీర్తనకి ఆర్పెజియో (తీగలు ఒక్కొక్కటిగా) మీటుతుంటే మూడో తీగ దగ్గరే గొంతు పోతుంది. నాలుగైదు వాట్లుంటే ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. నాది 6వీ6 ఒకటే ఉన్న 5 వాట్ల ఆంప్, 8 అంగుళాల స్పీకర్. గదిలో వింటే డబ్బా కొట్టినట్టుంటుంది. మైకు పెట్టి వింటే, ఇది మా ఆంపేనా అనిపిస్తుంది. ఇలా పవర్ ట్యూబ్ (స్పీకర్‌ని నడిపేది) ఒక్కటే ఉండే చిన్న ఆంపులు చాలావరకు కాథోడ్ బయాస్‌వి, అంటే తమంతట తామే సర్దుకునేవి, ట్యూబ్ పోతే అదే రకం కొత్తది గుచ్చుకోవడమే, సెట్టింగ్ కోసం ఎవరి దగ్గరికీ మొయ్యక్కర్లేదు.

ఇక రాత్రి సంగతి. ఆంప్ రాత్రి ఎందుకు మోగాలి? గిటార్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌లో గుచ్చి, మన తమ్ముడు చెప్పిన ఫ్రీ ప్లగిన్ చెవుల్లో వింటూ వాయించండి. లిస్టు తిప్పొద్దు, ఒక్క సౌండ్ పెట్టి వదిలేయండి. ప్లగిన్ లేని ఉత్త గిటార్ సిగ్నల్ ట్రాక్‌లో ఉంటుంది. సెలవు రోజు మధ్యాహ్నం ఆ ట్రాక్‌నే రీఆంప్ బాక్స్ ద్వారా ఆంప్‌లోకి పంపి, ముందు మైకు పెట్టండి. వేళ్లు రాత్రివి, సౌండ్ పగటిది. రీఆంప్ బాక్స్ చిన్న డబ్బా, ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్‌ని గిటార్ స్థాయికి దింపుతుంది. రాత్రే ఆంప్‌ని మూగగా వాడాలంటే టూ నోట్స్ కాప్టర్ లాంటి లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు తగిలించేది) ఉంది, కానీ మీ 45 వేలలో రెండూ పట్టడం కష్టం. ఒక్కటి మాత్రం మరవొద్దు: స్పీకరో లోడ్ బాక్సో తగిలించకుండా ట్యూబ్ ఆంప్ వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

ఎస్ఎం57ని గుడ్డకి అంగుళం దూరంలో, స్పీకర్ మధ్యనున్న టోపీ అంచుకి గురిపెట్టండి. నడిమధ్యకి పెడితే గొంతు కీచుగా, అంచులకి జరిపితే మందంగా వస్తుంది. అరంగుళం జరపడం ట్రెబుల్ బటన్ తిప్పడం కంటే ఎక్కువ పని చేస్తుంది. ఆంప్‌ని నేల మీద పెట్టొద్దు. కుర్చీ మీద బొంత మడిచి దాని మీద పెట్టండి. కిందింటికి దిగేది సగం గచ్చులోంచే.

ఫ్యాన్ ఎలాగూ ఆపాలి, గాలి చప్పుడు మైకులో పడుతుంది. మన ఊళ్లో మేలో ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి ఒక టేక్ తీయడమంటే ఆవిరి కుడుము అయిపోవడమే, నేను తువ్వాలు మెళ్లో వేసుకునే కూర్చుంటాను. మీ గుయ్యిలో ఫ్యాన్ వాటా కూడా ఉండొచ్చు. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మీ గిటార్‌లో తీగల కింద ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లో చిర్రుమంటుంది. ఫ్యాన్ స్విచ్ కట్టేసి చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు రికార్డింగ్ పెట్టుకోకండి, స్క్వేర్ వేవ్‌దైతే ఇంకా ఘోరం.

సముద్రం గాలి గురించి చెప్పకపోతే పాపం. ఉప్పుకి జాక్‌లు, ట్యూబ్ కాళ్లు, రివర్బ్ స్ప్రింగులు చిలుమెక్కుతాయి. ఆంప్ చిటపటమంటే ట్యూబ్ పోయిందని కొనేయకండి. ఆపి, చల్లారాక, ట్యూబ్‌ని రెండుమూడుసార్లు పైకీ కిందకీ ఆడించి గుచ్చితే చాలాసార్లు నయమవుతుంది. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబర్ 12, మా కిటికీ అద్దాలు ఎగిరిపోయి వాన నేరుగా ఆంప్ మీద కురిసింది. స్పీకర్ కాగితం అప్పడంలా ఉబ్బింది. ఆరాక కూడా స్విచ్ వేయకుండా విప్పించి చూపించాను, అందుకే మిగతాది బతికింది. అప్పట్నుంచి అది పడుకునేది అటక మీద.

పాత వాల్వు

లాసన్స్‌బే అమ్మాయి బాగా చెప్పింది. బావమరిది ఆంప్ గురించి ఒక ముక్క. వెనక పలక మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230లో పెట్టిన క్షణమే పొగ. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, కానీ అది వోల్టులని దింపుతుంది, 50 హెర్ట్జ్‌ని 60 చెయ్యలేదు. 60కే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది. పాతదాన్ని ఆ బాధ పెట్టకు. బావమరిదిని బాదంపప్పు తెమ్మను.

బి షిఫ్ట్ గిటార్

రెండు వారాల తర్వాత వస్తున్నా. ఆ బుధవారం ఈ బుధవారమే అయింది. ఎలక్ట్రీషియన్ వెనక గదిలో ప్లగ్ పాయింట్ విప్పాడు. ఎర్త్ వైరు ఉంది, గోడలోంచి బయటికొచ్చి ముచ్చటగా చుట్టచుట్టి వదిలేసి ఉంది. ఎక్కడా తగిలించలేదు. వంటింటి లైను ఎర్త్ బాగుంటే దానికి కలిపాడు. టెస్ట్ ల్యాంప్ నిండుగా వెలిగింది. గుయ్యి చాలావరకు పోయింది. మిగిలిన చిర్రుమనేది నిజంగానే ఫ్యాన్ రెగ్యులేటర్‌ది. గుయ్యిమంటోందని కూడా పదిహేను వాట్లదాన్ని అన్యాయంగా తిట్టి అమ్మేశానన్నమాట. కొన్నాయన క్షమించాలి.

1 వాట్‌వి రెండూ లిస్టులోంచి తీసేశాను. నాలుగు వాట్ల ఈఎల్84దే తీసుకుంటున్నా, 230 వోల్టులదని పెట్టె మీద చదివి మరీ. మిగిలిన డబ్బుతో రీఆంప్ బాక్స్. బావమరిదికి బాదంపప్పు చెప్పాను, అలిగాడు.

మామ్మగారిని కూడా అడిగాను, నా సెలవు రోజు మధ్యాహ్నం ఓ గంట చప్పుడు చేసుకోవచ్చా అని. "మూడింటి నుంచి నా సీరియళ్లు, అప్పుడు వాయించుకో నాయనా, నాకేం వినపడదు" అన్నారు. నిజమే, ఆ టైంలో ఆవిడ టీవీ మా ఇంట్లో కూడా మోగుతుంది. లాసన్స్‌బే గారూ, మరి ఆ సీరియల్ నా మైకులో పడదంటారా?

లాసన్స్‌బే తీగలు

ఆంప్ అంగుళం దూరంలో అరుస్తుంటే 57కి అత్తాకోడళ్ల గొడవ వినపడదు. పాట మధ్యలో మీరు ఆగే చోట్ల మాత్రం వినపడుతుంది. ఆ ముక్కలు కత్తిరించండి.