వ్యాన్ క్యాబిన్‌లోకి వాన నీరు, పైగా ఇంజిన్ మోత: ఏది ముందు సరిచేయించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ముందు సీట్ల కింద ఇంజిన్ ఉండే పాత వ్యాన్‌ను కాకినాడలో సరుకు రవాణాకు వాడుతున్నాను. వాన పడితే డ్రైవర్ కాళ్ల దగ్గరి మ్యాట్ తడిసిపోతోంది. ఇంజిన్ మోతకు పక్క మనిషి మాట కూడా వినిపించడం లేదు. ఏ పని ముందు చేయించాలో దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
ముందు నీటి సంగతి చూడండి. తడి ఆరని రేకు మీద శబ్దం తగ్గించే షీట్లు అంటిస్తే వాటి కింద తుప్పు పట్టడం ఖాయం. మ్యాట్ తీసేసి, లోపల ఒకరిని టార్చిలైటుతో కూర్చోబెట్టి, బయట పైపుతో సన్నటి ధారను కింది నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి పోనిస్తే, నీరు ఏ ఎత్తులో లోపలికి దిగుతోందో తేలుతుంది. పైనుంచి పోస్తే అంతటా తడిసి ఏమీ తెలియదు. ముందు అద్దం బీడింగ్ (చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) మూలలను, డోర్ ప్యాడ్ (డోరు లోపలి వైపు అట్ట) వెనుక చిరిగిన ప్లాస్టిక్ షీటును, డోరు అడుగున మట్టితో పూడుకుపోయిన రంధ్రాలను ముఖ్యంగా పరిశీలించండి.

జవాబు 2:
పై సలహా సరైనదే. అయితే నీరు దిగే సందులు మూసేటప్పుడు, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రేకును తినేస్తుంది కనుక, పాలీయురిథేన్ సీలెంటునే (సందులు పూడ్చే పేస్టు) అడిగి తీసుకోండి.

మోత విషయంలో షీట్ల కన్నా ముందుగా, సీటు కింద ఇంజిన్ మూత అంచు రబ్బరును మార్పించండి. అది ఎండి గట్టిపడితే ఆ సందులోంచి శబ్దమే కాక పొగ కూడా రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణాలకే ముప్పు. ఆ తర్వాత రేకు అదురును తగ్గించే బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) షీట్లను రేకు మధ్య భాగాల్లో అంటిస్తే చాలు, మొత్తం కప్పనక్కరలేదు.

జవాబు 3:
ఇంజిన్ మూత లోపలి వైపు మామూలు స్పాంజి మాత్రం అంటించవద్దు, వేడికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.