మెమరీ ఎర్రర్ వస్తే ముందు ర్యామ్ కొనాలా, డ్రైవర్ చూడాలా?

హన్మకొండ డీటీపీ:
అన్నలూ, చౌరస్తా దగ్గర చిన్న ఫ్లెక్స్ డిజైన్ షాపు మాది. 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, పక్కన 1 టీబీ పాత హార్డ్‌డిస్క్. మేడారం జాతర ఆర్డర్లు మీద పడ్డాయి. ఫోటోషాప్‌లో 20×10 అడుగుల ఫైల్ తెరిచి నాలుగు ఫొటోలు పెట్టేసరికి మెమరీ చాలదని ఎర్రర్ వస్తోంది. సేవ్ కొడితే మామూలు పీఎస్‌డీ ఫార్మాట్ ఒప్పుకోక, పెద్ద ఫైళ్లకి వాడే పీఎస్‌బీ అడుగుతోంది. దానికితోడు రోజుకు రెండు మూడుసార్లు స్క్రీన్ నల్లగా అయి మళ్లీ వస్తోంది, వచ్చాక కాన్వాస్ అంతా గళ్లు గళ్లు. సిస్టమ్ చూసే అతను ఇంకో 16 జీబీ ర్యామ్ వేసి ఫార్మాట్ కొడదాం అంటున్నాడు. ఫార్మాట్ అంటే తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు అన్నీ మళ్లీ మొదటి నుంచి, ఈ సీజన్‌లో. చాలా టెన్షన్‌గా ఉంది.

కరీంనగర్ ఫ్లెక్స్:
ర్యామ్ వెయ్యి తమ్మీ, ఆలోచించకు. 16తో ఈ రోజుల్లో ఫ్లెక్స్ పని నడవదు. నేను 32 చేసినంక మళ్లీ ఆ ఎర్రర్ చూడలేదు.

కాజీపేట సిస్టమ్స్:
ర్యామ్ కాదు. స్క్రీన్ నల్లగా అవుతుందంటే డ్రైవర్ గొడవే, అదే గ్రాఫిక్స్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్. ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో పర్ఫార్మెన్స్‌కి పోయి గ్రాఫిక్స్ ప్రాసెసర్ టిక్ తీసెయ్, అయిపోతుంది.

జేపీఎన్ రోడ్ డిజైనర్:
ఇద్దరూ చెప్పింది సగం సగమే. తమ్మికి వచ్చినవి రెండు వేరు వేరు జబ్బులు, ఒకటే మందు రాస్తున్నారు.

మెమరీ సంగతి అతని పోస్టులోనే ఉంది. పీఎస్‌డీలో ఒక వైపు 30,000 పిక్సెళ్లు దాటితే సేవ్ కాదు, అప్పుడు పీఎస్‌బీ అడుగుతుంది. అంటే ఫైల్ 300 రిజల్యూషన్‌లో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లతో, తెరిచి ఉంటాడు. లెక్క వేయండి: 20 అడుగులంటే 240 అంగుళాలు, 300తో 72,000 పిక్సెళ్లు, ఎత్తు 36,000. ప్రింటింగ్‌కి వాడే సీఎంవైకే రంగుల్లో పిక్సెల్‌కి 4 బైట్లు, ఒక్క నిండు లేయరే దాదాపు 10 జీబీ. అదే సైజు 72లో తెరిస్తే 600 ఎంబీ లోపు. రోడ్డు మీద ఇరవై అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌కి 300 ఎందుకు? పైగా ర్యామ్ నిండితే ఫోటోషాప్ స్క్రాచ్ డిస్క్ మీద రాస్తుంది, అది మామూలుగా సి డ్రైవే. అక్కడ జాగా లేకపోతే 32 వేసినా మళ్లీ ఆగుతుంది.

ఇక నల్ల స్క్రీన్. గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్లు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని ఆపి మళ్లీ లేపుతుంది, అది డీఫాల్ట్ గడువు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 4101 నంబరు వెతుకు, నల్లబడిన టైమూ అక్కడి టైమూ కలిస్తే అనుమానం అక్కర్లేదు. టిక్ తీసేయడం పరీక్షకి మంచిది, ఒక రోజు అట్లా నడిపి చూడు. కానీ శాశ్వతంగా తీస్తే కొన్ని ఫిల్టర్లు పనిచేయవు, జూమ్ కూడా తడబడుతుంది. ఈ మధ్య విండోస్ అప్‌డేట్ వచ్చి ఉంటే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కు. ఆ బటన్ వెలగకపోతే సేఫ్ మోడ్‌లో డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే టూల్‌తో పాత డ్రైవర్‌ని పూర్తిగా తుడిచి, కార్డు కంపెనీ సైట్ నుంచి కొత్తది ఎక్కించు. ఎన్విడియా అయితే గేమ్ రెడీ వద్దు, స్టూడియో డ్రైవర్ తీసుకో. క్యాబినెట్ తెరిచి కార్డు ఫ్యాన్ మీద దుమ్ము కూడా చూడు, మన ఎండలకి అది చాలు.

ఒకసారికి ఒకటే మార్చు. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో జన్మలో తెలియదు. నేను రెండేళ్ల కిందట అదే తప్పు చేసి, ఫార్మాట్ కొట్టించుకుని, దసరా ముందు మూడు రోజులు షాపు మూసుకున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

కరీంనగర్ ఫ్లెక్స్:
72లో ఫొటోలు పగులుతాయి అన్నా. కస్టమర్ దగ్గరకొచ్చి ముఖం చూస్తాడు, అక్షరాల అంచులు చూస్తాడు. మాట పడేది మేము.

జేపీఎన్ రోడ్ డిజైనర్:
అక్షరాలు ఫోటోషాప్‌లో ఎందుకన్నా, కోరెల్‌లో వెక్టర్‌గా పెట్టండి, ఎంత పెంచినా అంచు చెడదు. దగ్గర నుంచి చూసే స్టాండీ అయితే 100, 150 పెట్టండి, ఒప్పుకుంటా. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని మాత్రం 300కి పెంచినా కొత్త వివరం పుట్టదు.

హన్మకొండ డీటీపీ:
అన్నా, ఇమేజ్ సైజ్ పెట్టెలో 9.66జీ అని ఉంది. సి డ్రైవ్‌లో ఖాళీ 11 జీబీ. ఫైల్ 72కి దించి, స్క్రాచ్‌కి డి డ్రైవ్ కూడా కలిపాను, మధ్యాహ్నం నుంచి మెమరీ ఎర్రర్ రాలేదు. 4101 మాత్రం నిన్న ఒక్కరోజే మూడుసార్లు పడింది. రోల్ బ్యాక్ బటన్ వెలగడం లేదు. రాత్రి షాపు కట్టేసినంక డీడీయూ చేస్తా. ర్యామ్ ఆర్డర్ ఆపించాను.