పదహారేళ్లకు ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారా?

ప్రశ్న: నాకు ఈ మధ్యే పదహారు నిండాయి. మాది కొత్తపేట పక్క ఊరు, రావులపాలెంలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అక్క పెళ్లయి భీమవరం వెళ్లాక తన 110 సీసీ స్కూటీ ధాన్యం బస్తాల పక్కన ఖాళీగా పడి ఉంది. ఎల్‌ఎల్‌ఆర్ (బండి నేర్చుకునేవారికి ఇచ్చే లెర్నర్ లైసెన్సు) తెచ్చుకుంటే తాళం ఇస్తానన్నారు నాన్నగారు. పదహారేళ్లకే ఇస్తారట కదా? తెలిసినవారు చెప్పగలరు.

కాలువగట్టు: ఇస్తారు తమ్ముడూ. రవాణా శాఖ వారి సారథి వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టు. నాన్నగారి అంగీకార పత్రం జతచేయాలి, అంతే.

లంక బాబాయి: అంతే అంటే ఎలా బాబూ? పదహారేళ్లకు ఇచ్చేది 50 సీసీ దాటని బండికి. అలాంటి పెట్రోలు బండి ఇప్పుడు షోరూముల్లో కనబడదు. ఆ కాగితంతో అక్క స్కూటీ ఎక్కితే లైసెన్సు లేనట్టే లెక్క. 2019లో చట్టం మార్చాక పిల్లవాడు పట్టుబడితే తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. నీకేమో ఇరవై ఐదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. అన్నట్టు, ఆ బండి ఇంకా అక్క పేరు మీదే ఉందా? యజమానినీ అడుగుతారు. కొత్త అత్తవారింట్లో ఉన్న పిల్లకు ఈ తలనొప్పి ఎందుకు?

చట్టం సంగతి అలా ఉంచు. మాసూళ్లప్పుడు మన రోడ్లు చూశావుగా. సగం రోడ్డు ధాన్యం ఆరబోసి, అంచున బండరాళ్లు పేరుస్తారు. చీకటి పడ్డాక పైన కప్పిన పరదా రంగూ తారు రంగూ ఒకటే. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే నువ్వు దిగాల్సింది రాళ్ల మీదికో, కాలువలోకో. నలభై ఏళ్లుగా బండి నడుపుతున్న నేనే అక్కడ కాళ్లు నేలకు ఆన్చి వెళతాను.

అడిగిన అబ్బాయి: అర్థమైందండి. మరి కరెంటు స్కూటరు?

లంక బాబాయి: 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు మించని వేగం ఉన్న రకానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ మేరకు ధ్రువీకరణ పత్రం చూపించమని అడిగి మరీ కొనండి. కొన్నాక వేగం పెంచి ఇస్తామనే మెకానిక్కు దగ్గరికి మాత్రం వెళ్లకు, పెంచితే మినహాయింపు పోతుంది. పద్దెనిమిది నిండిన రోజున గేర్ల బండికే దరఖాస్తు పెట్టుకో. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, నెల గడిచాక అసలు పరీక్షకు వెళ్లవచ్చు. ఈలోగా వెనక స్నేహితుణ్ణి ఎక్కించుకోకూడదు. నేర్పే లైసెన్సుదారుడైతేనే కూర్చోవాలి.

కాలువగట్టు: 50 సీసీ మాట నేను గమనించలేదు బాబాయి గారూ. తమ్ముడూ, అప్పటిదాకా కాలేజీ బస్సు ఎక్కు.