ఐడీఈ లేకుండా డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్: లాగ్ చాలదా, జీడీబీ తప్పదా?

గాజువాక_కాటా:
ఐడీఈ (ఎడిటర్, కంపైలర్, డీబగ్గర్ ఒకేచోట ఉండే టూల్) లేకుండా విమ్ ఎడిటర్, మేక్ బిల్డ్ టూల్‌తో రాసిన లారీ కాటా సాఫ్ట్‌వేర్; సీ ప్లస్ ప్లస్, తెరల కోసం క్యూటీ లైబ్రరీ. ఆటోనగర్‌లో ఉబుంటు మెషీన్ మీద నడుస్తోంది, ఎప్పుడో ఒకసారి ఠక్కున మూసుకుపోతుంది. లాగ్ (ప్రోగ్రామ్ ఏం చేస్తోందో ఫైల్లో రాసే చిట్టా) పద్ధతిగా రాస్తే జీడీబీ లాంటి డీబగ్గర్ (ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూసే టూల్) అక్కర్లేదని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

రుషికొండ_సీ:
ఆ లాగ్ ఎలా రాస్తున్నారన్నది ముందు చెప్పండి. ప్రింటెఫ్‌ని ఫైల్‌కి మళ్లిస్తే లైన్ లైన్‌కీ పడదు, బఫర్ (మెమరీలో తాత్కాలిక నిల్వ) నిండాకే పడుతుంది. ఈలోగా సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకి క్రాష్) వస్తే బఫర్‌లో ఉన్నదంతా గల్లంతు. ఫైల్లో చివరి లైన్ చూసి ప్రోగ్రామ్ అక్కడే ఆగిందనుకుంటారు, ఏ తప్పూ లేని ఫంక్షన్‌ని తవ్వుతూ కూర్చుంటారు. బఫర్ లేని ఎర్రర్ అవుట్‌పుట్ ఎస్‌టీడీఎర్‌కి రాయండి, లేదా ప్రతి లైన్ తర్వాతా బఫర్ ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ పెట్టండి. మిల్లీసెకన్లతో టైమ్, పక్కనే థ్రెడ్ ఐడీ ఉండాలి. ఇంత చేసినా మీరు ముందే అనుమానించిన చోటే లాగ్ నోరు విప్పుతుంది. కోర్ ఫైల్‌కి (క్రాష్ క్షణంలో ప్రోగ్రామ్ మెమరీని సిస్టమ్ దాచే ఫైల్) ఆ పరిమితి లేదు.

మధురవాడ_లినక్స్:
కోర్ పనికిరావాలంటే కంపైలర్‌కి మైనస్ జీ ఇచ్చి బిల్డ్ చేసి, సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు, లైన్ నంబర్లు) ఉన్న బైనరీ మన దగ్గర దాచి, అవి తీసేసి స్ట్రిప్ చేసింది కస్టమర్‌కి ఇవ్వాలి. రెండూ ఒకే బిల్డ్‌వి కాకపోతే బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) చెత్త. కోర్ సైజుకి పరిమితి తీసేయడానికి స్టార్ట్ స్క్రిప్ట్‌లో యూలిమిట్ మైనస్ సీ అన్‌లిమిటెడ్ పెట్టండి. ఉబుంటులో మామూలుగా కోర్‌ని క్రాష్ రిపోర్టు టూల్ అపోర్ట్ పట్టుకుపోతుంది, ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో వెతికితే దొరకదు. కోర్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే కోర్ ప్యాటర్న్ సెట్టింగ్ చూసుకోండి. జీడీబీలో తెరిచాక మొదట థ్రెడ్ అప్లై ఆల్ బీటీ కొట్టండి, అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ వస్తుంది. వేగం కోసం ఓ2 ఆప్టిమైజేషన్‌తో బిల్డ్ చేస్తే కొన్ని వేరియబుల్స్ ‘ఆప్టిమైజ్డ్ అవుట్’ అని వస్తాయి, కంగారు పడొద్దు.

గాజువాక_కాటా:
క్రాష్‌కి సరే. బరువే తప్పు చూపిస్తే? అప్పుడు కోర్ రాదు కదండీ. సీరియల్ పోర్టు బైట్లు హెక్స్‌లో లాగ్ చేస్తేనే సగం ఫ్రేమే (ఒక బరువు రీడింగ్ మోసే బైట్ల గుంపు) వచ్చిందని తేలేది. జీడీబీలో బ్రేక్‌పాయింట్ (ఆగాల్సిన లైన్ గుర్తు) పెడితే ప్రోగ్రామ్ ఆగుతుంది గానీ కాటా ఇండికేటర్ ఆగదు. పోర్టు వేగం 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు) అంటే ఒక్కో బైట్‌కి 10 బిట్ల లెక్కన సెకనుకి 960 బైట్లు దాకా వచ్చిపడతాయి. వదిలాక తెర మీద పాత బరువులు వరసగా పరిగెడతాయి.

రుషికొండ_సీ:
దానికి జీడీబీలోనే డీప్రింటెఫ్ కమాండ్ ఉంది గురూ. అడిగిన లైన్ దగ్గర విలువ ప్రింట్ చేసి తనే ముందుకెళ్తుంది, మళ్లీ కంపైల్ అక్కర్లేదు. కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఎక్స్11లో (లినక్స్ విండోలు చూపే వ్యవస్థ) మెనూ తెరిచి ఉండగా మాత్రం బ్రేక్‌పాయింట్ తగలనివ్వకండి: మౌస్, కీబోర్డ్ రెండూ బిగుసుకుంటాయి. జీడీబీని ఇంకో మెషీన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (రిమోట్ లాగిన్) నడపండి.

గాజువాక_కాటా:
డీప్రింటెఫ్ మన టేబుల్ దగ్గర పనికొస్తుంది. రాత్రి రెండింటికి కాటా దగ్గర జీడీబీ ఎవరు నడుపుతారండీ? హెక్స్ లాగ్ తీయను, 5 ఎంబీ చొప్పున మూడు ఫైళ్లు తిప్పుతా. కోర్ సెట్టింగ్ మాత్రం వచ్చే బిల్డ్‌లో పెడుతున్నా.